పేరు పోయినదా, చోటు మారినదా?

మునగపాక పంచాయతీ పింఛను జాబితాలో గంగమ్మ, గణపతి, గౌరి అను పేర్లున్నవనుకొందము. కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా ఎరుగును: సున్నకు 3074, ణకారమునకు 3107, ఔత్వమునకు 3148. ఈ సంఖ్యలను బట్టియే కూర్చినచో గంగమ్మ ముందు వచ్చును. బడిలో నేర్చిన వర్ణమాలలో సున్న ఔకారమునకు తరువాతిది గదా. ఆ వరుసలో గంగమ్మ చివర నిలుచును. ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో గణపతి, గంగమ్మ, గౌరి!

ఏ భాష వరుసను పాటింపవలెనో యంత్రమునకు తెలుపు అమరికను లొకేల్ అందురు. అది పంచాయతీలో ఒకటి, మండలములో మరొకటి అయినచో, ఒకే జాబితా రెండు తీరుల వెలువడును. వరుసకు వరుస సరిచూచినచో గంగమ్మ సొమ్ము గణపతికి ఎదుట పడవచ్చును. కావున పింఛను సంఖ్యను బట్టి సరిచూడుడని మా మనవి. పేరు కానరానిచో, తొలగించిరని ముసలమ్మను తిప్పి పంపక, జాబితా కడవరకు వెదకుడు.