అత్తగారి తలుపులు... మా భోజనాల బల్ల!

మా అత్తగారి పుట్టిల్లు కాకినాడ. ఆవిడ తాతగారు రంగూన్‌లో గుమాస్తాగా పనిచేశారట. ఆ రోజుల్లో కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళి నాలుగు రాళ్ళు సంపాదించుకున్న కుటుంబాలు మన కోస్తా జిల్లాల్లో బోలెడు. 1942లో యుద్ధం వచ్చిపడితే చాలామంది ఉన్నదంతా వదిలేసి కాలినడకన తిరిగొచ్చారు. తాతగారు మాత్రం అంతకుముందే వచ్చేసి, బర్మా టేకు తలుపులతో ఇల్లు కట్టుకున్నారు. మొన్న ఆ ఇల్లు పడగొట్టినప్పుడు అత్తగారు అడిగింది రెండంటే రెండు తలుపులు. "బంగారం మీరే ఉంచుకోండిరా" అన్నారట తమ్ముళ్ళతో!

ఆ తలుపులతో భోజనాల బల్ల చేయిద్దామన్న ఆలోచన నాదే. మయన్మార్ ప్రభుత్వం 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు అడితీల్లో ఆఫ్రికా టేకు కూడా అమ్ముతున్నారు. అలాంటి చెక్క మళ్ళీ ఎక్కడ తెస్తాం చెప్పండి?

మేస్త్రి బల్ల ముచ్చటగా చేశాడు. చిక్కంతా పూత దగ్గరే వచ్చింది. "వార్నిష్ కొట్టేస్తానమ్మా, అద్దంలా మెరుస్తుంది" అంటే సరేనన్నాను. వారమైంది, పదిహేను రోజులైంది... చెయ్యి పెడితే జిగురు! పైన పరిచిన న్యూస్‌పేపరు తీస్తే అక్షరాలు తిరగబడి బల్లకి అచ్చయిపోయాయి. అత్తగారు ఒక్క మాటా అనలేదు. కొంగుతో తుడవబోయి, రాకపోతే ఊరుకున్నారు. నాలుగు తిట్టినా నాకు అంత బాధ అనిపించేది కాదు.

తప్పు వార్నిష్‌ది కాదని తర్వాత తెలిసింది. టేకులో పుట్టుకతోనే నూనె ఉంటుంది. చెదలు ముట్టకుండా, నీళ్ళకి చివికిపోకుండా కాపాడేవి అందులోని ఆ సహజ పదార్థాలే. ఎన్నేళ్ళయినా లోపల అవి ఉంటాయి. చిత్రిక పట్టగానే కొత్త పొర బయటపడుతుంది. దానిమీద వార్నిష్ వేస్తే సరిగ్గా పట్టుకోదు, త్వరగా ఆరదు. రోజ్‌వుడ్‌తోనూ ఇదే తంటా. మామూలు చెక్కకి పనికొచ్చిన పద్ధతి ఈ ఖరీదైన చెక్కలకి యథాతథంగా పనికిరాదు.

రెండోసారి మాకు తెలిసిన ఒక పెద్దాయన, పాలిష్ పనిలోనే జుట్టు నెరిసినవాడు, దగ్గరుండి చేయించాడు. ముందు జిగురంతా గోకించాడు. ఉప్పు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220 దాకా, చెక్క చారల వెంటే రుద్దించాడు. (ఆ టేకు పొడి ఒంటికి దురద, ఆయాసం తెస్తుంది. ముక్కుకి మాస్కు ఉండాలి, పిల్లల్ని అటు రానివ్వకూడదు.) తర్వాత తెల్ల గుడ్డని థిన్నర్‌లో ముంచి తుడిచాడు. గుడ్డ పచ్చగా అయింది! గుడ్డకి రంగు అంటడం దాదాపు ఆగేదాకా తుడిచి, థిన్నర్ ఆరగానే ఆలస్యం చేయకుండా మొదటి పూత వేశాడు. ఆలస్యమైతే నూనె మళ్ళీ పైకొస్తుందట.

ఆ మొదటి పూత లక్క. లక్క పురుగు నుంచి వచ్చేదే. రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి కరిగిస్తారు. నూనె చెక్కకీ పై పూతకీ మధ్య అది అడ్డుగోడలా నిలుస్తుంది. అయితే, దానిమీద పి.యు. వేసేట్టయితే మైనం తీసేసిన లక్కే కావాలి. లేకపోతే పై పొర ఊడొస్తుంది.

ఉత్త లక్క పాలిష్‌తోనే వదిలేయొచ్చు కదా అనొచ్చు మీరు. దూదిని నూలుగుడ్డలో చుట్టి, పల్చగా పొరమీద పొర అద్దే ఆ స్పిరిట్ పాలిష్ అందం దేనికీ రాదు, నా మట్టుకు నాకు అదే ఇష్టం. గీత పడితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు కూడా. పూజామందిరానికి, అద్దాల బీరువాకి హాయిగా వేయించుకోండి. కానీ భోజనాల బల్లమీద వేడి సాంబారు గిన్నె పెట్టారా, తెల్లటి వలయం ఖాయం! వానాకాలంలో వేయిస్తే తేమకి పూతే పాలిపోతుంది.

మెలమైన్ గట్టిదే, వాసన మాత్రం ఘాటు. అది పోయేదాకా కిటికీలు తెరిచే ఉంచాలి. గీతపడితే ఆ కాస్త మేరే అతుకు వేస్తే కలవదు. మేము చివరికి మెరుపు తక్కువ పి.యు. మూడు పల్చటి పూతలు వేయించాం. బల్ల అడుగున కూడా సుమండీ! ఒకవైపే వేస్తే తేమ రెండోవైపు నుంచే పీల్చి పలక వంగుతుంది.

కొందరు కొబ్బరి నూనె రాస్తారు. అది ఎన్నాళ్ళకీ ఆరదు, దుమ్ముని పట్టుకుంటుంది. అవిసె నూనెయితే ఆరి గట్టిపడుతుంది. కానీ ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచెయ్యండి. వంటింటి గట్టు పక్కన అసలు వద్దు.

ఏ పూతయినా ముందు మిగిలిన ముక్కమీద వేయించి చూసుకోవాలి. రంగు విషయంలోనూ తొందరపడకండి. చిత్రిక పట్టిన కొత్తలో టేకు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కొన్ని వారాలు వెలుతురు తగిలితే తనే బంగారు రంగుకి తిరుగుతుంది.

మా బల్లమీద ఒక చివర పాత గొళ్ళెం బిగించిన చిల్లు ఉంది. లప్పం పెట్టి మూసేస్తానన్నాడు మేస్త్రి. అత్తగారు వద్దన్నారు. ఇప్పుడు భోజనానికి ఆవిడ కూర్చునేది ఆ చివరే.