మక్క గారెలు: గింజను గిల్లి చూస్తేనే తెలుస్తుంది

వానలు పడి బజారులోకి కంకులు రాగానే సోలాపూర్, భివండీ మగ్గాల పేటల్లోని మన ఇళ్లలో పిల్లలు అడిగేది మక్క గారెలే. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గం పనికి వచ్చిన పెద్దలతో పాటు ఈ వంటా వచ్చింది. పండుగ నాడో, ఆడబిడ్డ ఇంటికొచ్చిన నాడో చేస్తే తోడుగా కోడికూర ఉండాల్సిందే. ఊళ్లో అయితే చేనులోంచి తెంపుకొచ్చేవారు. ఇక్కడ మనకు బజారే చేను, చిక్కూ అక్కడే.

ఇప్పుడు ఎక్కడ చూసినా స్వీట్‌కార్న్. ఉడికించుకు తినడానికి బాగుంటుంది గానీ గారెకు పనికిరాదు. ఆ గింజలో చక్కెర, నీరు ఎక్కువ. పిండి పదార్థం తక్కువ. రుబ్బితే జారిపోతుంది, నూనెలో వేస్తే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. బియ్యప్పిండి కలిపి గట్టిపరిస్తే అది బియ్యప్పిండి గారె అవుతుంది. అందుకే దేశీ కంకులే అడగాలి. గింజను గోటితో గిల్లితే పలుచని పాలు చిమ్మితే మరీ లేత, అసలు రాకపోతే ముదురు. చిక్కగా, మీగడలా వస్తే సరైన కంకి.

నాలుగు కంకుల గింజలకు నాలుగైదు పచ్చిమిరపకాయలు, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి చుక్క నీళ్లు పోయకుండా బరకగా రుబ్బాలి. ఉల్లిపాయ, కొత్తిమీర, కరివేపాకు తర్వాత కలపాలి. నలగని గింజ ఉంటే నూనెలో పేలి ముఖం మీదికి చిందుతుంది కాబట్టి ఒకసారి వేళ్లతో వెతకండి. తడి గుడ్డ మీద పలుచగా తట్టి మధ్యమంటపై ఎర్రగా కాల్చాలి. పిల్లలు తట్టే పని చేయవచ్చు, మూకుడు దగ్గరికి మాత్రం వద్దు. అన్నట్టు, మక్కా మిరపా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. 1492కు ముందు మన వంటింట్లో ఈ గారె లేదు.

కోస్తాలో పొత్తు, తెలంగాణలో కంకి అంటారు. మన పిల్లల నోట మాత్రం మరాఠీ ‘కణీస్’ ఒక్కటే మిగులుతోంది. మరాఠీ మాట రావడం మంచిదే, తెలుగు మాట పోవడమే బాధ. తెలుగు ఉపాధ్యాయులను మేము కోరేది ఒకటి: ఈ నెల వ్యాసరచనకు ‘మా నానమ్మ గారెలు ఎలా చేస్తుంది’ అని ఇవ్వండి. పిల్లలు పక్కన కూర్చుని, అడిగి, ఆమె చెప్పిన మాటల్లోనే రాయాలి. బరక, గిల్లడం, తట్టడం వంటి మాటలు అప్పుడే నోటికొస్తాయి. కంకి అని రాస్తే పొత్తు అని దిద్దకండి.

మిగిలిన గారెలను మర్నాడు పెనం మీద వేడి చేస్తే కరకరలాడతాయి. డబ్బాలో రెండు ఎక్కువే పెట్టండి, ‘మక్యాచే వడే’ అంటూ పక్కింటి మరాఠీ పిల్లలు ముందే చేయి చాపుతారు.