పంద్రాగస్టుకి వదిలిపెట్టరు పిన్నీ!

మొన్న కురిచేడులో మా అరుగు మీద కూచుని పూలు కడుతుంటే పక్కింటి పిన్ని తెల్లకాగితం పట్టుకొచ్చింది. "మావాణ్ణి పంద్రాగస్టుకి వదిలిపెట్టమని అర్జీ రాసిపెట్టు అమ్మాయ్" అంది. గంజాయి కేసులో కొడుక్కి పదేళ్ల శిక్ష పడి నెలన్నరయింది.

రాసిస్తే సంతోషించేదే. కానీ తీర్పు నకలు చూశాక నాకు చెయ్యాడలేదు. దొరికిన సరుకు 20 కిలోలు దాటింది. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం దీనికి కనీస శిక్షే పదేళ్లు, లక్ష జరిమానా. ఇంటి కష్టాలు ఎన్ని చెప్పుకున్నా కోర్టు అంతకన్నా తగ్గించలేదు. పైగా 1989లో చేర్చిన 32-ఎ సెక్షన్ వల్ల పండగలకిచ్చే శిక్ష తగ్గింపు వీళ్లకు వర్తించదు.

మరి దారే లేదా? ఉంది. హైకోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. గడువు 60 రోజులు. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపమని అడగొచ్చని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. షరతులు మాత్రం గట్టివే. రిమాండు రోజులు శిక్షలో కలుస్తాయి. జరిమానా కట్టలేకపోతే పడే అదనపు జైలును తగ్గించమనీ అడగొచ్చు. 2007లో ఓ కేసులో సుప్రీంకోర్టు ఆ మూడేళ్లను ఆరు నెలలు చేసింది. జైల్లో ఉన్నవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

"అర్జీ తర్వాత పిన్నీ, గడువుకింకా రెండు వారాలే" అన్నాను.

కాగితం మడిచి కొంగున కట్టుకుంది. "పొద్దున ఒంగోలు బస్సెన్నింటికే?" అంది.