తప్పిపోయిన మనోరోగి మన అమానతు



స్కిజోఫ్రీనియా సోకినవారికి లేని గొంతులు వినిపిస్తాయి. అయినవారే కీడు తలపెట్టారని వారు నమ్ముతారు. ఆ భయంతో కొందరు ఇల్లు విడిచిపోతారు. ఇది విశ్వాస లోపం కాదు, వ్యాధి. మతి స్వాధీనంలో లేనివానిపై కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలిపారు. ఎత్తివేయబడింది అతని లెక్కే గాని, అతనిపట్ల మన బాధ్యత కాదు.

మామిడి కోతల కాలంలో మన నూజివీడు తోటలకు ఎందరో కొత్తవారు వచ్చిపోతుంటారు. చెట్టు నీడన ఒంటరిగా కూర్చున్న మనిషిని ఎవరూ గమనించరు. కాయల లారీ ఎక్కితే అతడు రాష్ట్రమే దాటిపోవచ్చు. కనుక పరువుకు వెరచి జాప్యం చేయక, ఫొటోతో, మందుల చీటీతో వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. తోటల కాపలాదారులకు, లారీ డ్రైవర్లకు, మస్జిదులలో, దర్గాల వద్ద తెలపాలి. దిక్కులేక తిరిగే మనోరోగిని రక్షించి, అతని కుటుంబాన్ని వెదకడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పోలీసుల విధి.

కనబడినప్పుడు గుంపుగా చుట్టుముట్టక, మెల్లగా పేరుపెట్టి పిలిచి మంచినీళ్ళివ్వాలి. మళ్ళీ పోతాడేమోనని గొలుసు వేయరాదు. చట్టమూ దానిని నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ఆశ్రయానికి నిప్పంటుకోగా, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు మరణించారు.

దువాతోపాటు వైద్యమూ కావాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది. తెలివి చాలనివారికి అన్నవస్త్రాలిచ్చి, వారితో మంచిగా మాట్లాడమని నిసా సూరా 5వ ఆయతు ఆదేశిస్తున్నది. తప్పిపోయినవారిని అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.