పలు అంతరాల క్షేత్ర దత్తాంశం నుండి పైథాన్ ద్వారా తేదీల సేకరణ, రూపీకరణ

మొబైల్ యాప్‌ల ద్వారా జరిపే క్షేత్ర సర్వేల సమాచారం, స్వయంచాలిత వాతావరణ కేంద్రాల నమోదులు సాధారణంగా జేసన్ రూపంలో లభిస్తాయి. రైతు నమోదులో కమతాల లిస్టు, ప్రతి కమతంలో పంటల లిస్టు, ప్రతి పంట కింద విత్తిన తేదీ, పిచికారీ తేదీలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. జేసన్‌లో తేదీకి ప్రత్యేక రకం లేనందున పైథాన్ వాటిని చదివినప్పుడు అవి కేవలం అక్షరమాలలుగా లేదా సంఖ్యలుగా వస్తాయి. వాటిని తేదీలుగా మార్చే బాధ్యత పరిశోధకునిదే.

సేకరణ కష్టమైనది కాదు. ఎదురైన వస్తువు డిక్షనరీ అయితే దాని ప్రతి విలువలోకి, లిస్టు అయితే ప్రతి అంశంలోకి తిరిగి తానే ప్రవేశించే చిన్న ఫంక్షన్ సరిపోతుంది. అయితే తేదీతో పాటు అది ఏ మార్గంలో లభించినదో, అనగా ఏ రైతు, ఏ కమతం, ఏ పంట అన్నది కూడా భద్రపరచవలెను. మార్గం లేని తేదీ విశ్లేషణకు పనికిరాదు. నమోదు కాని తేదీని ఖాళీగానే ఉంచవలెను. సర్వే జరిగిన తేదీతో పూరించరాదు.

అసలు చిక్కు రూపంలో ఉన్నది. 05/07/2023 అన్నది మనకు జూలై 5. నెలను ముందుగా చదివే ప్రోగ్రామ్‌కు మే 7. తేడా 59 రోజులు. విత్తిన తరువాత రోజుల లెక్కపై సస్యరక్షణ సూచనలిచ్చే చోట ఈ పొరపాటు నేరుగా రైతును చేరుతుంది. 25/07/2023 వంటి తేదీ వద్ద దోషం బయటపడుతుంది గాని, 12వ తేదీ వరకు ఉన్నవి నిశ్శబ్దంగా తారుమారవుతాయి. పాండాస్ 2.0 కంటే ముందటి వెర్షన్లు ఒకే నిలువు వరుసలో కొన్నింటిని ఒక విధంగా, కొన్నింటిని మరొక విధంగా చదివేవి. కనుక ఊహకు వదలక, స్ట్రప్‌టైమ్‌కు రోజు, నెల, సంవత్సరం క్రమాన్ని స్పష్టంగా తెలుపుటయే మేలు. పదమూడు అంకెల సంఖ్య కనిపిస్తే అది సాధారణంగా 1970 జనవరి 1 నుండి గడచిన మిల్లీసెకన్ల లెక్క. వెయ్యితో భాగించిన పిదపనే మార్చవలెను.

వర్షపాత దత్తాంశంలో మరింత జాగ్రత్త అవసరం. సెన్సార్లు తరచు యూటీసీ కాలమానంలో నమోదు చేస్తాయి. 2023 జూలై 9, 19:15 యూటీసీ అనగా భారత కాలమానంలో జూలై 10, రాత్రి 12:45. అంతటితో ముగియదు. భారత వాతావరణ శాఖ ఉదయం 8:30కు ముగిసే 24 గంటల వర్షాన్ని ఆ తేదీ కింద చూపుతుంది. కాబట్టి జూలై 10 ఉదయం 10 గంటలకు కురిసిన వాన జూలై 11 లెక్కలోకి వస్తుంది. భారత కాలమానానికి మార్చిన సమయానికి 15 గంటల 30 నిమిషాలు కలిపి తేదీని గ్రహిస్తే ఈ లెక్క కుదురుతుంది. నమోదు సమయం కొలత ముగింపును సూచించేదైతే ముందుగా ఒక సెకను తగ్గించవలెను. లేకున్న సరిగ్గా 8:30 నాటి కొలత మరుసటి రోజుకు జరుగుతుంది.

వెలువరించే రూపం విషయానికి వస్తే, ఫైళ్లలో సంవత్సరం, నెల, రోజు క్రమమే ఉత్తమం. అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం చెడదు. నివేదికలలో మాత్రం ప్రామాణిక వాతావరణ వారాలు కావలసి వస్తాయి. వీటికి పైథాన్‌లోని ఐసో వారాలను వాడరాదు. ఐసో వారం సోమవారంతో మొదలవుతుంది. దాని ప్రకారం 2021 జనవరి 1, 2020 సంవత్సరపు 53వ వారంలోకి చేరుతుంది. ప్రామాణిక వాతావరణ వారాలలో ఏ ఏడాదైనా జనవరి 1 మొదటి వారమే, జూన్ 4 ఇరవై మూడవ వారపు ఆరంభమే. సంవత్సరంలో ఎన్నవ రోజో తెలిసికొని, లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 మొదలు ఒకటి తగ్గించి, మిగిలిన దాని నుండి మరొకటి తీసివేసి, ఏడుతో భాగించగా వచ్చిన పూర్ణాంకానికి ఒకటి కలిపితే వారం సంఖ్య లభిస్తుంది. డిసెంబర్ 31కి 53 వచ్చినచో దానిని 52గా గ్రహించవలెను.