ట్రైకో కార్డులు కట్టిన రాత్రే వాన పడితే? చిన్న పురుగులు వానని ఎలా తట్టుకుంటాయి

పై వీడియో మన వరి మడిలోనే తీశాను. కాండం తొలిచే పురుగు కోసం సాయంత్రం ట్రైకోగ్రామా కార్డులు కట్టాం. ఆ రాత్రే రెండు గంటలు కుండపోత. పొద్దున్నే పక్క పొలం బాబాయి గట్టు మీద నిలబడి, "ఇంకెక్కడి పురుగులు రా, అన్నీ కాలవలో కొట్టుకుపోయుంటాయి. మందు కొట్టెయ్" అన్నాడు. నాకూ గుండె జారింది. అది అర మిల్లీమీటరు ప్రాణి, ఆవగింజలో సగం కూడా ఉండదు. మరి అంత వానకి ఏమవుతుంది?

దీని మీద దోమలతో ఒక మంచి ప్రయోగం జరిగింది. అమెరికాలో జార్జియా టెక్ వాళ్లు 2012లో దోమల్ని చిన్న పంజరంలో పెట్టి, పైనుంచి నీటి చుక్కలు వదిలి, హైస్పీడ్ కెమెరాతో వీడియో తీశారు. దోమ బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. పెద్ద వాన చినుకు దానికి 50 రెట్లు దాకా ఉంటుంది. మన మీద లారీ పడ్డట్టే అనుకుంటాం కదా, కానీ దోమ చావలేదు.

కారణం దాని తేలికదనమే. గాల్లో తేలే దూదిపింజని పిడికిలితో గుద్ది చూడండి. అది నలగదు, చేత్తోపాటే వెళ్లిపోతుంది. అదే దూదిని గోడకి ఆనించి గుద్దితే నలుగుతుంది. దోమ కూడా చినుకుని ఎదిరించదు. దానితోపాటు కాస్త కిందికి జారి, పక్కకి తప్పుకుని మళ్లీ ఎగిరిపోతుంది. తన ఒంటి పొడవుకి 20 రెట్ల లోపు దూరంలోనే తేరుకుంటుంది. ఒంటి మీది సన్నని వెంట్రుకలు నీటిని అంటనివ్వవు. ప్రమాదమల్లా నేలకి మరీ దగ్గరగా ఎగిరేటప్పుడే, అప్పుడు తప్పుకునేలోపే చినుకు నేలకేసి కొడుతుంది.

ట్రైకోగ్రామా దోమ కంటే ఇంకా చిన్నది. దానికి చినుకు దెబ్బ కన్నా తడి ఎక్కువ ప్రమాదం. ఆకు మీది పలచని నీటి పొర మనకి లెక్కలోది కాదు, దానికి మాత్రం జిగురు లాంటిది. రెక్క అంటుకుంటే ఇక లేవలేదు. ఎదురుగాలికి ఎగరడం కూడా దాని వల్ల కాదు. అందుకే ఇలాంటివి ఆకు అడుగున చేరతాయి. ఆకుని ఆనుకుని గాలి వేగం బాగా తక్కువ, చినుకు కూడా నేరుగా తగలదు.

కొన్ని పురుగులకి వాన సంగతి ముందే తెలుస్తుంది. 2013లో బ్రెజిల్, కెనడా పరిశోధకులు గాలి పీడనం తగ్గిస్తే పేనుబంక, ఒక రకం రెక్కల పురుగు, ఒక పెంకు పురుగు జత కట్టే పనులు తగ్గించుకున్నాయని చూశారు. మబ్బు పట్టగానే తేనెటీగలు గూటికి చేరడం మనం చూసేదే. (ఉసిళ్ళది వేరే కథ, అవి వాన కోసమే కాచుక్కూచుంటాయి!)

ఇక మన కార్డుల సంగతి. భూతద్దం పెట్టి చూశాను. పేపర్ కప్పు బోర్లించి లోపల కట్టినవి పొడిగానే ఉన్నాయి. నల్లబడ్డ గుడ్లలో చాలా వాటికి గుండ్రటి చిల్లులు ఉన్నాయి, అంటే బదనికలు బయటికొచ్చేశాయి. కప్పులు అయిపోయాయని ఆకుకి ఊరికే కట్టిన నాలుగు కార్డుల్లో మాత్రం గుడ్లు సగం ఊడిపోయాయి. అది నా బద్ధకమే, వానది తప్పు కాదు. ఆ నాలుగు మళ్లీ తెచ్చి కట్టాను.

మందు కొట్టలేదు. బాబాయికి చెప్పింది ఒకటే, ఇప్పుడు కొడితే వాన చంపనివాటిని మనం చంపినట్టవుతుంది.

మిరప, కూరగాయలు వేసినవాళ్లు ఇంకోటి గమనించండి. గట్టి వానకి తామర పురుగు, పేనుబంక బాగా రాలిపోతాయి. రెక్కల్లేని పిల్లలు కింద పడితే మళ్లీ మొక్క ఎక్కడం వాటికి కష్టం. కాబట్టి వాన వెలిసిన వెంటనే నీమాస్త్రం, దశపర్ణి అని పరిగెత్తకండి. రెండు రోజులాగి, ఆకులు తిప్పి చూసి, ఉంటేనే కొట్టండి. తడి ఆకు మీద కొట్టిన కషాయం ఎలాగూ నేలపాలే.

కార్డు కట్టే ముందు ఫోన్‌లో వాన సూచన చూసుకోండి. కప్పు పుల్లకి ఎలా కట్టాలో వీడియో చివర్లో చూపించాను. పురికొస వదులుగా కడితే గాలికి కప్పు తిరగబడి నీళ్లు నిండుతాయి, అక్కడ జాగ్రత్త.