వకీలు కన్నా ముందొచ్చే మనిషి

జిల్లా కోర్టు ప్రాంగణంలో ఓ మూల గది, చేతిలో ఓ సంచి, మెడలో ఓ గుర్తింపు కార్డు. పారా లీగల్ వలంటీర్ల పని గురించి ముఖచిత్ర కథనం

కోర్టు బెయిలిచ్చింది. ఉత్తర్వు జైలుకు కూడా చేరింది. మనిషి మాత్రం బయటికి రాలేదు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో పట్టుకుని కోర్టు మెట్లెక్కేవాళ్లు కావాలి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికొచ్చిన కుర్రాడికి అలాంటి వాళ్లు ఎవరుంటారు? మేస్త్రి ఫోనెత్తడు. ఊళ్లో అమ్మకు సంగతే తెలియదు. చట్టం వదిలేసిన మనిషిని కాగితం పట్టుకుని కూర్చుంటుంది.

ఇది కొత్త బాధేం కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పది వేల రూపాయల పూచీ అడిగారు. సోదరుడు పూచీ పడతానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిన ప్రశ్న మనకు బాగా తగులుతుంది. బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో పట్టుబడిన తెలుగువాడు ఆ ఊరి జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడన్నది ఆయన ప్రశ్న. మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు.

నలభై అయిదేళ్లు గడిచాక, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టు అదే విషయం మీద మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. బెయిలొచ్చిన ఖైదీ 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. ఆయన ఓ పారా లీగల్ వలంటీరునో, జైళ్లకు వెళ్లే వకీలునో పంపవచ్చు. నెల దాటినా పూచీ కుదరకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు. ఇంత పెద్ద కోర్టు ఇంత వివరంగా రాసిన ఉత్తర్వు చివరికి ఎవరి కాళ్ల మీద నడవాలో చూడండి. చాలా చోట్ల ఆ మనిషి ఇంటర్ చదివిన ఓ గృహిణి, రిటైరైన ఓ మాస్టారు, లేదా లా కాలేజీ విద్యార్థి.

అలాంటి వలంటీరు జైలుకు వెళ్లి అడిగేవి చట్టం ప్రశ్నలు కావు. నీ ఊరేది? ఇంట్లో ఎవరున్నారు? అన్నదమ్ముల్లో ఉద్యోగం చేసేవాళ్లున్నారా? ఫోన్ నంబరు గుర్తుందా? చాలామందికి ఒకటే నంబరు గుర్తుంటుంది, అదీ స్విచ్చాఫ్. అప్పుడు ఆ మండలంలో ఉన్న మరో వలంటీరుకు కబురు పెట్టాలి. ఆ వలంటీరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, ఇంటి పరిస్థితి రాసి పంపితే, దాన్నిబట్టి పూచీ తగ్గించమని కోర్టులో దరఖాస్తు పడుతుంది. వాదించేది వకీలే. కానీ ఆయన వాదనలో పస ఉండాలంటే ఆ నాలుగు వాక్యాల నివేదిక ఉండాలి.

లెక్కలు వేసే పని మరోటి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, విచారణ ఖైదీ ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో సగం జైల్లోనే గడిపేస్తే బెయిలుకు అర్హుడు. గతంలో శిక్ష పడని వ్యక్తి అయితే మూడో వంతు చాలు. ఉరిశిక్షకో, యావజ్జీవానికో అవకాశమున్న కేసులకిది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తుంటే కూడా కుదరదు. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు. అంటే మొదటిసారి పట్టుబడ్డవాడికి ఏడాది నిండితే గడువు తీరినట్టు. చూడ్డానికి చిన్న లెక్కే. అరెస్టు తేదీ ఒక కాగితంలో, సెక్షన్ మరో కాగితంలో, మరో స్టేషన్లో మిగిలిన పాత కేసు ఇంకెక్కడో ఉన్నప్పుడు ఆ చిన్న లెక్కే ఎవరూ వేయరు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు.

ఈ వ్యవస్థ పుట్టుక గురించి రెండు మాటలు చాలు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39-ఎ అధికరణం వచ్చింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదన్నది దాని సారం. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా పట్టింది. పారా లీగల్ వలంటీర్ల పథకం 2009లో మొదలైంది. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల మహిళలు, ట్రాన్స్‌జెండర్లు, లా విద్యార్థులు, వీళ్లను తీసుకోవచ్చన్నారు. దీర్ఘకాల శిక్ష అనుభవిస్తూ మంచి నడవడి ఉన్న చదువుకున్న ఖైదీలకు కూడా శిక్షణ ఇవ్వవచ్చు. నాకు ఆ పథకంలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన ఇదే అనిపిస్తుంది. పక్క బ్యారక్‌లో ఉన్నవాడు అడిగితే చెప్పినంతగా, ములాఖత్ కిటికీకి అటువైపు నిలబడ్డ అపరిచితుడు అడిగితే ఎవరు చెబుతారు?

జైలు బయట పని ఇంకా చెదురుమదురుగా ఉంటుంది. మొగుడు ఇంట్లోనే చనిపోతాడు. ఊళ్లోనే దహనం చేస్తారు. ఎవరూ నమోదు చేయించరు. మూడేళ్ల తర్వాత వితంతు పింఛనుకు వెళితే మరణ ధ్రువపత్రం అడుగుతారు. చావును 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఒకప్పుడు ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి, అంటే వకీలు, పిటిషను, వాయిదాలు. 2023 సవరణ తర్వాత ఆ అధికారం కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లాంటి అధికారులకు వచ్చింది. మన దగ్గర ఆ దారి ఆర్డీవో ఆఫీసుకు వెళుతుంది. ఈ మార్పు ఆ పల్లెలో ఎవరికి తెలుసు? కొందరు ఇప్పటికీ కోర్టు చుట్టూనే తిరుగుతారు. ఎవరైనా 'వకీలును పెట్టుకోవాలి' అంటే అప్పు చేస్తారు. 'కోర్టుకు కాదమ్మా, ఆర్డీవో ఆఫీసుకు పోదాం పద' అని చెప్పే మనిషి దొరికితే ఆ అప్పు తప్పుతుంది.

రోడ్డు ప్రమాదాల్లోనైతే మరీ అన్యాయం. గుద్దిన బండి ఏదో తెలియకుండా వెళ్లిపోతే, బీమా కంపెనీ లేదు కాబట్టి పరిహారం కూడా లేదనుకుంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అలాంటి కేసుల్లో చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. అంతకుముందు అది 25 వేలు, 12,500. దీనికి కోర్టు అక్కర్లేదు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, వారసుల వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం జతచేసి దరఖాస్తు పెట్టాలి. అడిగేవాళ్లు మరీ తక్కువగా ఉన్నారని 2024 జనవరిలో సుప్రీంకోర్టే అంది. ఈ పథకం గురించి బాధితులకు పోలీసులే చెప్పాలని కూడా ఆదేశించింది. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి దరఖాస్తు నింపమనడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. వలంటీరు వెళ్లేది సాధారణంగా పదకొండో రోజు దాటాక.

ఇక పోలీసు స్టేషను. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, పిల్లలు కనిపించడం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫిర్యాదులతో స్టేషను ఎలా వ్యవహరిస్తోందో గమనించడానికి ప్రతి స్టేషనులో వంతులవారీగా పారా లీగల్ వలంటీరు ఉండేలా చూడాలని కూడా అంది. పుస్తకంలో మంచి ఏర్పాటే. ఆచరణలో ఆమె ఆ కుర్చీలో కూర్చుని ఏం చేయగలదు? 'సాయంత్రం దాకా చూడండమ్మా, వాడే వస్తాడు' అని రైటర్ అంటే ఆమె ఎదురు తిరగలేదు. ఆ అధికారం ఆమెకు లేదు. ఫిర్యాదు నకలు మీద స్టేషను ముద్ర వేయించడం, ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని మర్యాదగా గుర్తుచేయడం, అక్కడ జరిగింది కార్యదర్శికి రాయడం, ఇవే ఆమె చేయగలిగినవి. కార్యదర్శి సీనియర్ సివిల్ జడ్జి హోదా ఉన్న న్యాయాధికారి, జిల్లా సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి అన్న సంగతి రైటర్‌కూ తెలుసు. అసలు బలం అక్కడుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది లోక్ అదాలత్. మంచివైపు చూస్తే చాలా ఉంది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కేసు ఆ రోజే ముగుస్తుంది, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. చెల్లని చెక్కులు, బ్యాంకు బాకీలు, ప్రమాద పరిహారాలు, ఇలాంటి వాటికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే అక్కడ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు లేదు. జాతీయ లోక్ అదాలత్ మర్నాడు పేపర్లో వచ్చేది ఎన్ని కేసులు పరిష్కారమయ్యాయన్న అంకె. అంకె పెరగాలన్న తొందరలో భార్యాభర్తల కేసు వచ్చినప్పుడు 'సర్దుకుపోమ్మా' అన్న మాట ఎటునుంచైనా రావచ్చు, వలంటీరు నోటినుంచి కూడా. వరకట్న వేధింపు కేసుల్లో రాజీకి వీలు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చట్టాన్ని సవరించినప్పుడు, రాజీ కోరాక కనీసం 3 నెలలు ఆగాలన్న షరతు పెట్టింది. ఆ మూడు నెలలు ఎందుకు పెట్టారో వలంటీర్ల శిక్షణలో మొదటి పాఠం కావాలి. ఆడమనిషి బలవంతం మీద తలూపిందా, ఇష్టపడి ఒప్పుకుందా అన్నది బెంచి ముందు కన్నా బయట వేపచెట్టు కింద బాగా తెలుస్తుంది. అక్కడ ఆమె పక్కన ఉండేది వలంటీరే. రాజీ వద్దనుకుంటే వద్దని చెప్పవచ్చు, కేసు మామూలుగానే నడుస్తుంది అని ఆమె చెవిన వేయాలి. అలా వేసినందుకు ఆ నెల అంకె ఒకటి తగ్గినా సరే.

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, జైల్లో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయానికి ఆదాయంతో పనిలేదు. డబ్బున్న ఇంటి కోడలు కూడా అడగవచ్చు. 15100కు ఫోన్ చేస్తే చాలు. ఇది చెబితే చాలామంది నమ్మరు. ఉచితంగా వచ్చే వకీలు సరిగా వాదించడని ఒక అనుమానం. ఆ అనుమానంలో నిజం లేకపోలేదు. ప్యానెల్ వకీళ్లందరూ ఒకేలా ఉండరు. వాయిదా రోజు వకీలు రాకపోతే బాధితురాలు ముందు తిట్టేది వలంటీరునే, ఎందుకంటే ఇంటికొచ్చి ధైర్యం చెప్పింది ఆమె.

ఇంత పని చేసే మనిషికి జీతం లేదు. పని అప్పగించిన రోజుకు లెక్కగట్టి ఇచ్చే గౌరవ వేతనం మాత్రమే. కక్షిదారు దగ్గర రూపాయి తీసుకోకూడదు, అది న్యాయమే. కానీ ఆర్డీవో ఆఫీసులో సారు క్యాంపుకు వెళ్లారని తిరిగొచ్చిన రోజును ఏ లెక్కలో వేయాలి? అవగాహన సదస్సు పెడితే ఫొటో ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది. ఒక ముసలామె వేలిముద్ర బయోమెట్రిక్‌లో పడక నాలుగుసార్లు తీసుకెళ్లిన దానికి ఫొటో ఏముంటుంది? దీన్ని సేవ అంటున్నాం. సేవ అన్నంత మాత్రాన బస్సు టికెట్ ఊరికే రాదు. ప్రభుత్వం తన చట్టబద్ధమైన బాధ్యతను తీర్చడానికి ఈ మనుషుల మీద ఆధారపడినప్పుడు, నెలకింత అని ఇవ్వడానికి వెనకాడటంలో నాకు ఏ తర్కమూ కనబడదు.

మరో చిక్కు కూడా ఉంది. పని బాగా నేర్చినవాళ్లలో లా విద్యార్థులు ముందుంటారు. స్టేషను భాష, తహసీల్దారు ఆఫీసు వేళలు, జైలు కాగితాలు అన్నీ వంటబట్టేసరికి వాళ్లకు డిగ్రీ చేతికొస్తుంది. వకీలుగా ఎన్‌రోల్ అయ్యాక పథకం నిబంధనల ప్రకారం వాళ్లు వలంటీరుగా ఉండకూడదు. కొందరు అదే సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు చేసుకుంటారు. మిగతావాళ్లు ఎవరో ఒక సీనియర్ దగ్గర చేరతారు. ఆ మండలానికి మళ్లీ ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి, కొత్తవాళ్లకు శిక్షణ మొదలుపెడతారు.